అమ్మమ్మ చీరకు కత్తెర పెట్టవచ్చా?

పెట్టెలో పట్టు:
మా అమ్మమ్మ గద్వాల చీర ఒకటి నా దగ్గర ఉంది. పసుపుపచ్చ నూలు చీర, మెరూన్ పట్టు అంచు, జరీ కొంగు. ఏళ్ల తరబడి ఒకే మడతలో ఉండిపోయింది. మొన్న విప్పితే మడత పడిన చోటల్లా చీలికలే. వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే అవతల కిటికీ చువ్వలు కనిపిస్తున్నాయి. అంచు మాత్రం చెక్కుచెదరలేదు. దానితో మా పాపకు లంగా కుట్టించి, మిగిలిన ముక్కలతో బొంత వేద్దామనుకున్నాను. “అమ్మమ్మ కట్టుకున్న చీరను ముక్కలు చేస్తావా?” అని మా అక్క రెండు రోజులుగా నాతో మాట్లాడటం లేదు. మీరేమంటారు?

పడుగుపేక:
కత్తిరించవద్దమ్మా. మాది నేత కుటుంబం. గద్వాల చీరలో అంచును తరువాత అతికించరు. మధ్య నూలు పేకనూ (అడ్డపోగునూ) అంచు పట్టు పేకనూ మగ్గం మీదే ఒకదానిలో ఒకటి మెలివేస్తారు. ఒక్కొక్క పోగు దగ్గరా చెయ్యి ఆగి కదలాలి. మీరు అంచు వేరు చేస్తే పోయేది ఆ కలయికే. చీలిన చోట రఫ్ఫు చేయించండి, వెనుక మల్లు గుడ్డ వేయించండి. గంజితోనే మడిచి దాచడం వల్ల చీలి ఉంటుంది. ఇకనైనా గంజి లేకుండా, నూలు గుడ్డలో చుట్టి, అప్పుడప్పుడూ మడత మార్చి పెట్టండి.

నా బాధ ఇంకొకటి ఉంది. ఈ మధ్య చిరుగు లేని చీరలను కూడా దిండు గలీబుల కోసం, చేతిసంచుల కోసం కోసేస్తున్నారు. పాతది వాడుతున్నామన్న పేరుతో, ఇంకా కట్టుకోదగిన చీర పోతోంది. దాన్ని పొదుపు అని నేను ఒప్పుకోను.

వెండిజరీ:
అన్నగారూ, కత్తిరించని చీరలన్నీ పెట్టెలో భద్రంగా ఉన్నాయనుకుంటున్నారా? మా ఇంట్లో రెండు పట్టుచీరలు పాత చీరలు కొనే మనిషి తూకానికి వెళ్లాయి. పాత జరీ అంటే వెండి తీగ మీద బంగారు పూత కదా. బట్టను కాల్చి ఆ వెండి తీస్తారు. మా అమ్మ పెళ్లిచీర అలా బూడిదైపోయింది. మా పిన్ని మాత్రం తన చీర చిరిగితే అంచు తీసి నా ఓణీకి కుట్టింది. ఈరోజు మా ఇంట్లో అమ్మమ్మ తరం నేత ఏదైనా మిగిలిందంటే ఆ అంచు ఒక్కటే.

పడుగుపేక:
మీ అమ్మగారి చీర సంగతి చదివి మనసు కలుక్కుమంది. పొయ్యిలోకి వెళ్లడం కన్నా లంగా కావడం వెయ్యి రెట్లు నయం, కాదనను. నేను వద్దంటున్నది బాగున్నదాన్ని కోయడం.

కచ్చాకుట్టు:
ఇరవై రెండేళ్లుగా కుట్టుపని చేస్తున్నాను. ఇలాంటి చీరలు చాలా చూశాను. కిటికీ చువ్వలు కనిపించేంతగా పలచబడ్డ గుడ్డ రఫ్ఫుకు ఆగదు. సూది గుచ్చిన చోటే మళ్లీ చిరుగుతుంది. కాబట్టి ఈ చీరకు కత్తెర పెట్టడం తప్పు కాదన్నదే నా మాట. ఎక్కడ పెడుతున్నామన్నదే ముఖ్యం.

అంచును అంచు గీత దగ్గర కోయకండి. పక్కనున్న నూలును ఒక అంగుళం కలుపుకొని కోయండి. అప్పుడు పైన అన్నగారు చెప్పిన మెలిక మొత్తం అంచుతోనే ఉంటుంది. కోయడానికి ముందే ఆ గీత పొడవునా మిషను కుట్టు వేస్తే పోగులు జారవు. సూది 11 నంబరు కన్నా లావు వద్దు, పట్టు పోగులు తెగుతాయి. లంగా మాత్రం కొత్త మంగళగిరి నూలు గుడ్డతో కుట్టి, దానికి ఈ అంచు వేయండి. ఆ గుడ్డను ముందుగా తడిపి ఆరబెట్టాలి. లేకపోతే మొదటి ఉతుకులోనే నూలు కుంచించుకుపోయి అంచు ముడతలు పడుతుంది.

బొంతకు ఈ ముక్కలు వద్దు, నిలవవు. బొంతకు రోజూ కట్టుకుని ఉతికి ఉతికి మెత్తబడ్డ నూలు చీరలే సరైనవి. మా అమ్మ నాలుగు చీరలు ఒకదానిపై ఒకటి పరిచి, చుట్టూ కచ్చా కుట్టు వేసి, అంచు నుంచి లోపలికి కుట్టుకుంటూ వచ్చేది. బెంగాల్‌లో కాంథాలనే బొంతలకైతే దారం కూడా పాత చీరల అంచుల నుంచే లాగేవారు. కోసి మళ్లీ కుట్టుకోవడం ఆడవాళ్లకు తరతరాలుగా తెలిసిన పనే.

బొంతలవ్వ:
మా వైపు పుట్టిన బిడ్డను మొదట పాత చీర గుడ్డలోనే చుడతారు. ఉయ్యాల కూడా చీరతోనే కడతారు. మీ అక్కతో ఈ మాట చెప్పి చూడు తల్లీ.

పెట్టెలో పట్టు:
నిన్న అక్కను పిలిచాను. ఇద్దరం కిటికీ దగ్గర చీర పరిచి చూశాం. కుచ్చిళ్లు వచ్చే చోట ఒక చిన్న రఫ్ఫు ఉంది. పసుపు గుడ్డ మీద తెల్ల దారం, బియ్యపు గింజలంత కుట్లు. అమ్మమ్మే వేసి ఉండాలి, ఇంట్లో ఆ రోజు పసుపు దారం లేదేమో. అక్క దాని మీద వేలు పెట్టి చాలాసేపు ఊరుకుంది. ఆ తరువాత, “ఈ ముక్క నాకు ఇవ్వు” అంది.

కొంగు కోయడం లేదు, అదీ అక్క దగ్గరే ఉంటుంది. అంచు అంగుళం నూలుతో సహా పాపకు. కచ్చాకుట్టు గారూ, పాపకు ఎనిమిదేళ్లు. లంగా కింద ఎంత మడత వదలమంటారు?

కచ్చాకుట్టు:
అంచు కింద మడవకండి, జరీ విరుగుతుంది. అంచుకు పైన, నూలు గుడ్డలో నాలుగు అంగుళాల మడత వేయండి. మిషను వద్దు, చేత్తోనే కుట్టండి. పాప ఎదిగేకొద్దీ సులభంగా విప్పుకోవచ్చు.