ఆప్టోమెకానిక్స్: కిటికీ రావాల్సిన చోట కాంతి పెరుగుతోంది, ఎవరైనా చెప్పండి

అరండల్‌పేట: నిన్న సాయంత్రం ఏడింటి నుంచి దీంతోనే కుస్తీ. మధ్యలో రెండుసార్లు కరెంటు పోయింది. ఒక కేవిటీ (అద్దాల మధ్య కాంతి అటూ ఇటూ తిరిగే చోటు), అందులో ఊగే అద్దం, ఒక టూ లెవెల్ అణువు (రెండే శక్తి స్థాయిలున్నది). బలమైన పంపు లేజర్ వేసి, ప్రోబ్ అనే బలహీనమైన లేజర్ ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత దాటుతుందో స్పెక్ట్రమ్ గీస్తే మధ్యలో సన్నటి పారదర్శక కిటికీ రావాలి. నాకేమో ట్రాన్స్‌మిషన్ 1 దాటి 1.4కి పోతోంది, అంటే వేసినదానికంటే ఎక్కువ కాంతి వస్తోంది. సమీకరణాలు పేపర్లో ఉన్నవే దించాను. గురువారం గైడ్‌కి చూపించాలి, టెన్షన్‌గా ఉంది.

పటమట: డెల్టా, అంటే పంపు లేజర్‌కీ కేవిటీకీ ఫ్రీక్వెన్సీ తేడా, దాని గుర్తు చూడు, ప్లస్సా మైనస్సా.

అరండల్‌పేట: చూశానన్నా. మైనస్ ఒమేగా ఎం (అద్దం ఊగే ఫ్రీక్వెన్సీ). రెడ్డే, లేజర్ ఫ్రీక్వెన్సీ కేవిటీది కంటే కిందే.

బ్రాడీపేట మాస్టారు: బాబూ, ముందు మూలం తెలుసుకో. ఈ పారదర్శక కిటికీ అణువుల్లో పుట్టిన సంగతి. 1991లో స్ట్రాన్షియం ఆవిరిలో చూపించారు. అణువు కాంతిని పీల్చుకునే రెండు దారులు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటే ఆ పీల్చుకోవడం ఆగిపోతుంది. 1999లో లీనే హావ్ బృందం చల్లటి సోడియంలో కాంతి వేగాన్ని సెకనుకు 17 మీటర్లకు దించింది. అంటే గంటకు 61 కిలోమీటర్లు, బందరు రోడ్డు మీద బైకు వేగం! అద్దంతో 2010లో చేశారు.

కొరిటెపాడు: అది అద్దం కాదు మాస్టారూ, చిప్ మీద గాజు టొరాయిడ్ (గారె లాంటి రింగు). అయినా కేవిటీ ఏంటి, కుహరం అనొచ్చుగా.

బ్రాడీపేట మాస్టారు: కుహరమంటే గుహ అనుకుంటారు.

కొరిటెపాడు: కేవిటీ అంటే మా ఇంట్లో పన్ను పుచ్చిందా అంటున్నారు.

పటమట: తమ్ముడూ, నీ పేపర్లో డెల్టా అంటే లేజర్ మైనస్ కేవిటీనా, కేవిటీ మైనస్ లేజరా?

అరండల్‌పేట: ...కేవిటీ మైనస్ లేజర్.

పటమట: మరి రెడ్ ఎలా అవుతుంది? నీ లేజర్ ఫ్రీక్వెన్సీ కేవిటీది కంటే పైన కూర్చుంది, అది బ్లూ. బ్లూ పంపు ఇటు అద్దాన్ని ఊపుతుంది, అటు ప్రోబ్‌నీ పెంచుతుంది. నీ 1.4 అదే. పవర్ ఇంకా పెంచితే సిస్టమ్ అదుపు తప్పుతుంది. ప్లస్ పెట్టు. అలాగే కప్పా (కేవిటీ రేఖ వెడల్పు, కాంతి కారిపోయే రేటు) ఒమేగా ఎం కంటే చిన్నదేనా, అది పూర్తి వెడల్పా సగమా, అదీ చూసుకో.

బ్రాడీపేట మాస్టారు: నేను అదే చెప్పబోతున్నాను.

అరండల్‌పేట: వచ్చిందన్నా! థాంక్స్. కానీ ఒక్క కిటికీ కాదు, రెండుగా చీలింది. మధ్యలో చిన్న గుంట.

పటమట: ఆ చీలిక అణువు వల్ల కావచ్చు. అణువుని దేనికి కప్లింగ్ చేశావ్, అంటే దేనికి జత కట్టావ్? కేవిటీకా, అద్దానికా?

కొరిటెపాడు: నాకైతే కుహరమే బాగుంది.

పటమట: తమ్ముడూ, ఉన్నావా?