‘రిఫ్యూజ్డ్’, ‘టైమ్డ్ అవుట్’: తెలుగులో ఏ క్రియ వాడదాం?

పర్లాకిమిడి నుంచి:
ఇంట్లో చిన్న లినక్స్ వెబ్ సర్వర్, దాని వెనక విండోస్ కంప్యూటరు. ఊళ్లో లేని పిల్లలు బ్రౌజరులో గ్వాకమోలే (దూరపు కంప్యూటరు తెరను బ్రౌజరులో చూపే ప్రోగ్రాము) పేజీ తెరిచి ఆ డెస్క్‌టాప్ వాడుకుంటారు. తెరుచుకోనప్పుడు ఏం చూడాలో ఇంట్లో పెద్దవాళ్లకి తెలుగులో ఒక కాగితం తయారవుతోంది. తప్పు జరిగినప్పుడు తెర మీద వచ్చే ‘కనెక్షన్ రిఫ్యూజ్డ్’కి ‘తిరస్కరించబడినది’ అనీ, ‘టైమ్డ్ అవుట్’కి ‘సమయం ముగిసినది’ అనీ పెట్టాం. ఎవరికీ ఎక్కడం లేదు. ఇంకో మాట ఏదైనా ఉందా?

రాయగడ నుంచి:
గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠం చెప్పిన ఊళ్లో ‘బడినది’ ఏటండీ మాస్టారూ! ‘సమయం ముగిసినది’ అంటే రీచార్జి అయిపోయిందనుకుంటారు. ‘తిరస్కరించబడినది’ అంటే పాస్‌వర్డ్ తప్పనుకుని దాన్ని మార్చే పనిలో పడతారు. అసలు పాస్‌వర్డ్ అడిగేదాకా వెళ్లనే లేదు కదా.
‘కాదంది’, ‘పలకలేదు’ చాలు. రిఫ్యూజ్డ్ అంటే కాదంది: యంత్రం దొరికింది, మనం తట్టిన పోర్టులో (యంత్రంలో ఒక్కో సర్వీసుకి ఉండే నంబరు తలుపు) వినే సర్వీసు లేదని వెంటనే కబురొచ్చింది. టైమ్డ్ అవుట్ అంటే ఉలుకూ పలుకూ లేదు. కంప్యూటరు నిద్రలో ఉండొచ్చు, రౌటరు దానికి కొత్త అడ్రసు ఇచ్చి ఉండొచ్చు, ఫైర్‌వాల్ (రాకపోకల్ని వడకట్టే కాపలా ప్రోగ్రాము) మన పిలుపుని మింగేసి ఉండొచ్చు. అడ్రసు మారకుండా రౌటరులోనే దానికి ఒకటి కేటాయించి ఉంచాలి.

దెగ్లూరు నుంచి:
మా దిక్కు ‘మనా చేసింది’ అంటే అందరికీ తెలుస్తుంది. మరాఠీలో ఉన్నదే.

రాయగడ నుంచి:
ఒడియాలోనూ ఉంది. కానీ మనా అంటే ఎవరో కావాలని వద్దన్నట్టు. ఇక్కడ వద్దన్నవాళ్లు లేరు, వినేవాళ్లే లేరు. పేజీ బదులు 403 అనే తప్పు నంబరు వచ్చినప్పుడు వాడుకోండి, అతికినట్టు సరిపోతుంది: సర్వర్ పలికింది, నీకు ప్రవేశం లేదంది.

గుణుపురం నుంచి:
‘పలకలేదు’ దగ్గర ఒక మెలిక. విండోస్‌లో రిమోట్ డెస్క్‌టాప్ స్విచ్ (దూరం నుంచి ఆ కంప్యూటరు వాడనిచ్చేది) ఆపేసి ఉన్నా, ఫైర్‌వాల్ ఆన్‌లో ఉంటే ‘కాదు’ అనదు. మూసిన పోర్టుకి జవాబివ్వకుండా ఊరుకోవడమే దాని పద్ధతి. అందుకని పలకకపోతే దారినొక్కదాన్నే అనుమానించకూడదు, ఆ స్విచ్ కూడా చూడాలి. హోమ్ ఎడిషన్‌లో బయటివాళ్లని లోపలికి రానిచ్చే ఆ సదుపాయమే లేదు, ప్రో కావాలి. తెరిచి ఉందో లేదో సర్వర్ మీంచే ఎన్‌సీ (nc) కమాండుతో, రిమోట్ డెస్క్‌టాప్ వినే 3389 పోర్టుని తట్టి చూడొచ్చు.
అలాగని రౌటరులో 3389ని బయటికి తెరవకండి. 2019లో బయటపడ్డ బ్లూకీప్ లోపం పాస్‌వర్డ్ లేకుండానే పాత విండోస్‌లోకి దూరనిచ్చేది. బయటికి వెబ్ పేజీ వచ్చే 443 పోర్టు ఒక్కటీ చాలు.

పర్లాకిమిడి నుంచి:
మరి బ్రౌజరులో వచ్చే 502 ‘బ్యాడ్ గేట్‌వే’, 504 ‘గేట్‌వే టైమౌట్’? ‘చెడు ద్వారం’ అని ఎక్కడో చూశాం.

రాయగడ నుంచి:
అది మాత్రం వద్దు. ముందుండి బయటి పిలుపులు అందుకునే వెబ్ సర్వర్ ఎన్‌జింక్స్ పలికింది, వెనకదానితోనే గొడవ. మన అమరికలో వెనక 8080 పోర్టులో గ్వాకమోలే పేజీని నడిపే టామ్‌క్యాట్ ఉంటుంది. 502 అంటే చాలావరకు టామ్‌క్యాట్ ‘కాదంది’, అంటే ఆగిపోయింది. 504 అంటే టామ్‌క్యాట్ ‘పలకలేదు’. ఎన్‌జింక్స్ మామూలుగా 60 సెకన్లు చూసి ఇది చెబుతుంది. అవే రెండు క్రియలు, ఒక గది లోపల.
పేజీ వచ్చి, లాగిన్ అయ్యాక డెస్క్‌టాప్ రాకపోతే టామ్‌క్యాట్‌ని వదిలేయండి. 4822 పోర్టులో ఉండి విండోస్‌తో మాట్లాడే గ్వాక్‌డీ నడుస్తోందా చూడాలి, తర్వాత విండోస్. విండోస్ తనకు తానే రాసుకున్న సర్టిఫికెట్ (గుర్తింపు పత్రం) దగ్గర గ్వాక్‌డీ ఆగడం మామూలే. గ్వాకమోలే కనెక్షన్ సెట్టింగుల్లో సర్టిఫికెట్‌ని పట్టించుకోవద్దనే గడికి టిక్ పెట్టాలి.

దెగ్లూరు నుంచి:
బయటినుంచి పేజీయే పలకకపోతే రౌటరులో వాన్ (ఇంటర్నెట్ వైపు) అడ్రసు చూడండి. 100.64 నుంచి 100.127 లోపు మొదలైతే ఒకే బయటి అడ్రసుని చాలా ఇళ్లకి పంచుతున్నారన్నమాట. పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి పిలుపుని ఇంట్లో సర్వర్‌కి మళ్లించే అమరిక) ఎంత సరిగ్గా పెట్టినా పనిచేయదు. ఇంటర్నెట్ కంపెనీని పబ్లిక్ అడ్రసు అడగాలి, లేదంటే వీపీఎన్ (ఇంటర్నెట్ మీదుగా వేసుకునే సొంత దారి). పరీక్ష మాత్రం మొబైల్ డేటా మీద చేయాలి. ఇంటి వైఫైలో ఉండి బయటి పేరుతో పిలిస్తే కొన్ని రౌటర్లు ఆ పిలుపుని ఇంట్లోకే వెనక్కి తిప్పి పంపవు.

గుణుపురం నుంచి:
కాగితంలో ఇంకో వాక్యం చేర్చండి మాస్టారూ. ఇంగ్లీషు చదవలేని వాళ్లు ఫోన్లో పిల్లలకి ఏం చెప్పాలంటే: నొక్కగానే తప్పు చూపిస్తే ‘కాదంది’, చక్రం తిరిగి తిరిగి చూపిస్తే ‘పలకలేదు’.