డే కేర్ సెంటర్‌లో పెద్దవాళ్ళ చేత పాడించడం ఎలా? సలహా కావాలి

ప్రశ్న:
నమస్తే అండీ. నేను మా కాలనీ భజన మండలిలో పాడతాను. మేధో వైకల్యం, ఆటిజం, డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్ళ డే కేర్ సెంటర్ వాళ్ళు శనివారాలు వచ్చి పాడించమన్నారు. అందరూ ఇరవై దాటినవాళ్ళే, ఒకరిద్దరికి నలభై పైనే. ఒకబ్బాయి తాళాలు మోగగానే చెవులు మూసుకుని బయటికి వెళ్ళిపోతాడు. ఇంకొకతను కంజీర అందుకున్నాడంటే పాట అయిపోయినా ఆపడు. ఒకమ్మాయికి మాటలు రావు, చూస్తూ కూర్చుంటుంది. చిన్నపిల్లల పాటలైతే తేలికని అక్కడి ఆయా అంటోంది. శనివారం వస్తోందంటే టెన్షన్‌గా ఉంది.

జవాబు (స్పెషల్ ఎడ్యుకేటర్):
చిన్నపిల్లల పాటలు వద్దు మేడమ్. నేర్చుకోవడం నెమ్మదైనా నలభై ఏళ్ళాయన నలభై ఏళ్ళాయనే కదా. పాట తేలిగ్గా ఉండాలంటే పల్లవి పొట్టిగా, నాలుగైదు స్వరాల్లో తిరిగితే చాలు. బుర్రకథలో కథంతా కథకుడు చెబుతాడు, పక్కవాళ్ళు ‘తందాన తాన’ అందుకుంటారు. మీరూ అలాగే చేయండి. చరణం మీది, వంత వాళ్ళది. వంత దగ్గరికొచ్చాక మాత్రం మీరే తొందరపడి అందుకోకండి. మనసులో ఐదారు అంకెలు లెక్కపెట్టుకోండి. విన్నది గొంతులోకి రావడానికి చాలామందికి ఆపాటి వ్యవధి కావాలి. ఆ నిశ్శబ్దం మనకే ఇబ్బంది, వాళ్ళకి కాదు.

కంజీర ఆపనతనికి ఆపే పనే అప్పజెప్పండి. ప్రతి పాటకీ ఒకే ముక్తాయింపు పెట్టుకోండి: మూడు దెబ్బలు, మూడోదానికి మీ అరచెయ్యి కిందికి. ఆ దెబ్బ అతనిదే, అతను వేస్తే గానీ పాట ముగియదు. ‘ఆపు, ఆపు’ అని అరిస్తే ఆ హోరులో ఎవరికీ వినపడదు. పాట మధ్యలో కూడా ఇలా ఆగడం, మళ్ళీ అందుకోవడం ఆటలా అలవాటు చేయండి.

చెవులు మూసుకోవడం మారాం కాదు. ఆటిజం ఉన్న చాలామందికి ఇత్తడి మోత నిజంగా భరించలేనిది. తాళాలు పక్కన పెట్టి తొడ మీద చరుపుతో నడపండి. తలుపు దగ్గర అతనికో కుర్చీ వేసి, ఎప్పుడైనా వెళ్ళొచ్చు, రావచ్చు అని ముందే చెప్పండి. వరండాలోంచి విన్నా విన్నట్టే.

జవాబు (ఒక అమ్మ):
మా వాడికి 31 ఏళ్ళు, సెరిబ్రల్ పాల్సీ, మాట రాదు. వాడి ఈడు కుర్రాడి చేత పల్లవి పాడించి ఫోన్‌లో రికార్డు చేసి, బ్లూటూత్ స్పీకర్‌కి కలిపాం. వాడు వేలితో నొక్కేదాకా అందరూ ఆగుతారు. ఈ మధ్య వేలు స్క్రీన్ మీదికి తెచ్చి, అందరి మొహాలూ చూసి, వెనక్కి తీసుకుని నవ్వుతున్నాడు, దొంగవెధవ! చేతిపట్టు లేనివాళ్ళకి గజ్జెలు ఎలాస్టిక్ పట్టీకి కుట్టి మణికట్టుకి వేయండి. కుట్టు గట్టిగా ఉండాలి సుమా, ఊడితే నోట్లో పెట్టుకునేవాళ్ళుంటారు.

ఏ పాటో కూడా వాళ్ళనే అడగండి. రెండు బొమ్మలు చూపిస్తే ఒకదాని మీద వేలు పెడతారు. అందరికీ భజనలే నచ్చాలని లేదు. మా వాడికైతే మాస్ పాటలే కావాలి.

జవాబు (ఫిజియోథెరపిస్ట్):
డౌన్ సిండ్రోమ్ ఉన్న కొందరికి మెడ పైభాగంలో రెండు ఎముకల మధ్య కీలు వదులుగా ఉంటుంది. తల విదిలించే చిందులు వేయించకండి. ఎవరెవరికి ఫిట్స్ ఉన్నాయో సెంటర్‌లో ముందే అడగండి. వస్తే పక్కకి తిప్పి పడుకోబెట్టాలి. నోట్లో ఏమీ పెట్టొద్దు, చేతిలో తాళంచెవులు పెట్టడమూ వద్దు. 5 నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయండి.

ప్రశ్న అడిగినవారు:
చాలా థ్యాంక్సండీ. డిసెంబరు 3 దివ్యాంగుల దినోత్సవానికి దాతల ముందు స్టేజి మీద ‘మ్యూజిక్ థెరపీ’ అని పాడించమంటున్నారు. ఒప్పుకోనా?

జవాబు (స్పెషల్ ఎడ్యుకేటర్):
థెరపీ అని బ్యానర్ వేయనివ్వకండి. దానికి శిక్షణ వేరు, మీరు చేస్తున్నది పదిమందితో కలిసి పాడటం. స్టేజి సంగతి వాళ్ళని ఒక్కొక్కరినీ అడగండి, వద్దన్నవాళ్ళని లాక్కెళ్ళొద్దు. నన్నడిగితే మీ మండలివాళ్ళనే సెంటర్‌కి పిలిచి అందరూ కలిసి పాడటం మేలు. స్టేజి ఎక్కుతామన్నవాళ్ళకి ముందురోజే ఖాళీ స్టేజి, మైకు చూపించండి. మైకు కుయ్యిమనకుండా సౌండ్ అతనికి గట్టిగా చెప్పండి. అది కూసిందంటే చెవులు మూసుకునే ఆ అబ్బాయి మళ్ళీ బయటే.