మూత్రంలో మంటకు పల్లేరు కషాయం సరిపోతుందా?

ప్రశ్న (గవర్నర్‌పేట, విజయవాడ): నిన్నటి నుంచి మూత్రానికి వెళ్తే ఒకటే మంట. మాటిమాటికీ వెళ్లాలనిపిస్తుంది, తీరా వెళ్తే రెండు చుక్కలు. జ్వరం లేదు. బట్టల షాపులో పని, పొద్దున వెళ్తే మళ్లీ ఇంటికొచ్చాకే బాత్రూమ్. మా అత్తయ్య "వేడి చేసింది, అంతే" అని వన్‌టౌన్‌ నుంచి పల్లేరు కాయలు తెప్పించారు. తాగొచ్చా? యాంటీబయాటిక్ అంటే నాకు భయం, పొట్ట పాడవుతుంది.

జవాబు (గుంటూరు): మా ఇంట్లో అమ్మమ్మ కాలం నుంచీ ఇదేనండీ. కాయలు కచ్చాపచ్చాగా దంచి, నీళ్లు సగానికి ఇగిరేదాకా మరిగించాలి. ముళ్లుంటాయి, పల్చటి గుడ్డలో రెండుసార్లు వడకట్టండి. బార్లీ నీళ్లు, పల్చటి మజ్జిగ కూడా పట్టించండి. కారం తగ్గించండి (గుంటూరు మనిషిని, ఈ మాట చెప్పడం నాకూ కష్టమే).

జవాబు (సూర్యారావుపేట, ల్యాబ్‌లో పని చేస్తాను): ఎండకి నీళ్లు తాగక మూత్రం చిక్కబడి మంట పుడితే, నీళ్లు, బార్లీ పడగానే సర్దుకుంటుంది. మీరు చెప్పేది అలా లేదమ్మా. మంటతో పాటు ఊరికే వెళ్లాలనిపించడం, చుక్కలుగా రావడం ఇన్‌ఫెక్షన్ లక్షణాలు. ఎక్కువమందిలో దీనికి కారణం పేగుల్లో ఉండే ఈ-కోలి బాక్టీరియా. ఆడవాళ్లకు మూత్రం బయటికి వచ్చే నాళం పొట్టి కాబట్టి తేలిగ్గా లోపలికి చేరుతుంది. పల్లేరును ఆయుర్వేదంలో మూత్రం సాఫీగా రావడానికి వాడతారు, నిజమే. కానీ అది బాక్టీరియాను చంపుతుందని నమ్మి కూర్చోకూడదు. దీనికి కొందరు వాడే క్రాన్‌బెర్రీ (పుల్లటి ఎర్ర పండు) సంగతీ అంతే. 2023లో కోక్రేన్ (వైద్య పరిశోధనలను సమీక్షించే సంస్థ) వాళ్లు 50 పరిశోధనలు చూసి, తరచూ ఈ ఇన్‌ఫెక్షన్ వచ్చే ఆడవాళ్లకు మళ్లీ రాకుండా కొంత పనికొస్తుందన్నారు. వచ్చినదాన్ని తగ్గించడానికి కాదు.

యాంటీబయాటిక్ వేసుకోకముందే యూరిన్ కల్చర్‌కి (మూత్రంలో ఏ బాక్టీరియా ఉందో పెంచి చూసే పరీక్ష) ఇవ్వండి. వేసుకున్నాక ఇస్తే రిపోర్టులో ఏమీ తేలకపోవచ్చు. మంచినీళ్లతో కడుక్కుని, మొదట వచ్చేది వదిలేసి, మధ్యలోది ల్యాబ్ ఇచ్చిన డబ్బాలో పట్టండి. మూత లోపలివైపు వేలు తగలనివ్వొద్దు. గంటలోపు ఇవ్వలేకపోతే ఫ్రిజ్‌లో పెట్టండి. రిపోర్టుకి రెండు మూడు రోజులు పడుతుంది. అందాకా ఏం వేసుకోవాలో డాక్టరే చెబుతారు. చాలామందికి చిన్న కోర్సుతోనే తగ్గిపోతుంది. షాపులో అడిగి పాత చీటీ మందులు మాత్రం కొనకండి.

ప్రశ్న అడిగినవారు: థాంక్సండీ. చెప్పడం మర్చిపోయాను, నాకు షుగర్ ఉంది. ఈమధ్యే డాపాగ్లిఫ్లోజిన్ మొదలుపెట్టారు.

జవాబు (ల్యాబ్): అయితే కషాయం పక్కన పెట్టి ఈరోజే చూపించుకోండి. ఆ మందు షుగర్‌ని మూత్రంలోంచి బయటికి పంపుతుంది. దానివల్ల కింద ఫంగస్ వచ్చి మంట పుట్టొచ్చు, దానికి మందు వేరు. మాత్ర పేరు డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి, మీ అంతట మీరు ఆపొద్దు. చలిజ్వరం, నడుం పైభాగంలో ఒకవైపు నొప్పి, వాంతులు, వీటిలో ఏది వచ్చినా రాత్రయినా సరే ఆసుపత్రికి వెళ్లాలి. గర్భిణులు, చిన్నపిల్లలు, మగవాళ్లు కూడా ఈ మంటకు ఇంటి వైద్యంతో రోజులు గడపకూడదు.

జవాబు (గుంటూరు): షుగర్ అని తెలిస్తే నేనూ ముందే డాక్టర్ దగ్గరికి వెళ్లమనేదాన్ని. మీ షాపులో బాత్రూమ్ సంగతి కూడా అడగమ్మా. నీళ్లు తాగమంటే సరిపోదు, వెళ్లనివ్వాలి కదా.