డైనమో ఛార్జింగ్ ఇవ్వకపోతే ఆల్టర్నేటర్ వేయించాల్సిందేనా?

మార్క్2_ఓనర్:
మాది 1968 అంబాసిడర్. యాక్సిలరేటర్ ఇచ్చినా డాష్‌బోర్డు మీది ఛార్జింగ్ రెడ్ లైట్ ఆరడం లేదు, బ్యాటరీ దిగిపోతోంది. ఇంజనుతో తిరుగుతూ బ్యాటరీని ఛార్జ్ చేసే డైనమోని చూసి, "డైనమో పని అయిపోయింది, దాని బదులు కొత్తరకం ఆల్టర్నేటర్ వేసేద్దాం" అంటున్నాడు ఎలక్ట్రీషియన్. వేయించమంటారా?

పాతబండి:
జబ్బేమిటో తేలేదాకా వద్దండీ. బెల్ట్ వదులైనా, కటౌట్ పెట్టెలో (డైనమోని బ్యాటరీకి కలిపి, వోల్టేజీని అదుపు చేసే పెట్టె) పాయింట్లు మాడినా, డైనమో ఫీల్డ్ కాయిల్‌కి వెళ్లే ఎఫ్ వైరు తెగినా లైట్ ఇలాగే వెలుగుతుంది. ముందు బెల్ట్ చూడండి. తర్వాత డైనమోకి ఉన్న రెండు వైర్లూ పీకేసి, పెద్ద టెర్మినల్ డి, చిన్నది ఎఫ్, రెంటినీ చిన్న వైరు ముక్కతో కలపండి. వోల్టు మీటరు ఒక కొస అక్కడ, రెండోది డైనమో బాడీకి. ముల్లు మీటరైతే మేలు. ఇంజను స్టార్ట్ చేసి మెల్లగా వేగం పెంచండి. 1000 ఆర్‌పీఎం దాటనివ్వద్దు, ఎందుకంటే ఇప్పుడు వోల్టేజీని అదుపు చేసేది ఏదీ లేదు.

ముల్లు చకచకా 20 వోల్టుల దాకా ఎక్కిందా, డైనమో నిక్షేపంగా ఉన్నట్టే. కటౌట్, వైర్ల సంగతి చూడండి. అసలు కదలకపోతే లోపం కరెంటు అందుకునే బ్రష్‌లది. అర వోల్టు, ఒక వోల్టు దగ్గరే ఆగితే అయస్కాంతంగా పనిచేసే ఫీల్డ్ కాయిల్‌ది. నాలుగైదు దగ్గర ఆగితే లోపల తిరిగే ఆర్మేచర్ మీద అనుమానం.

ఆర్మేచర్ కొసన బ్రష్‌లు ఆనే కమ్యుటేటర్ కూడా చూడండి. రాగి పలకలు అరిగి మధ్యలో అభ్రకం పైకి తేలితే బ్రష్‌లు సరిగ్గా ఆనవు, నిప్పురవ్వలు లేస్తాయి. లేత్ మీద చదును చేయించి, అభ్రకాన్ని కిందికి కోయిస్తే సరిపోయే పని అది. దానికోసం మొత్తం డైనమోనే తీసి పారేయడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది.

రోజూ_డ్రైవ్:
టెస్ట్ చేయాల్సిందే, ఒప్పుకుంటాను. కానీ డైనమో ఎంత బాగున్నా ఐడ్లింగ్‌లో దాదాపు ఏమీ ఇవ్వదు. లూకాస్ కంపెనీ సి40 డైనమో లాంటిది గట్టిగా తిరిగినా ఇచ్చేది 22 ఆంపియర్లే. రాత్రి వానలో హెడ్‌లైట్లు, వైపర్ వేసుకుని ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే భారమంతా బ్యాటరీ మీదే. ఆ టెన్షన్ రోజూ ఎవరు పడతారు?

పాతబండి:
రోజూ రాత్రిపూట సిటీలో తిప్పేవాళ్ల విషయంలో మీ మాట న్యాయమే. ఆదివారం తీసే బండికి ఆ అవసరం లేదు.

వేయించాలనే అనుకుంటే ముందు ఎర్త్ చూసుకోండి. ఆనాటి బ్రిటిష్ డిజైన్ బండ్లలో చాలావాటికి పాజిటివ్ ఎర్త్, అంటే బ్యాటరీ ప్లస్ కొస బండి బాడీకి కలిపి ఉంటుంది. దానికి మామూలు ఆల్టర్నేటర్ తగిలిస్తే డయోడ్లు క్షణంలో కాలిపోతాయి. పాత కటౌట్‌ను లైన్లోంచి తప్పించాలి, బ్యాటరీకి వెళ్లే వైరు లావుది వేయాలి. ఎలక్ట్రీషియన్ పాత వైరుతోనే సర్దేస్తానంటే మాత్రం బండి ఇంటికి తెచ్చేసుకోండి.