హెక్సామీన్ కడ్డీని మలుస్తుందా, క్షారాన్ని అందిస్తుందా?

తెల్లపొడి:
జింక్ నైట్రేట్, హెక్సామీన్ (నీటిలో కరిగే ఒక సేంద్రియ పదార్థం) రెండూ 25 మిల్లీమోలార్ గాఢత చొప్పున నీటిలో కలిపి, బీజపొర (కడ్డీలు మొలవడానికి ముందే వేసే జింక్ ఆక్సైడ్ పలుచని పూత) వేసిన గాజుపలకను అందులో ఉంచి 90 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు వేడిచేస్తున్నాను. జింక్ ఆక్సైడ్ నానోకడ్డీలు నిలువుగా మొలుస్తున్నాయి. హెక్సామీన్ పక్కముఖాలకు అంటుకుని కడ్డీని లావెక్కనివ్వదని చదువుకున్నాను. నిజమేనా?

గాజుపలక:
నేనూ చాలాకాలం అదే నమ్మాను, ఇప్పుడు నమ్మను. కడ్డీ రూపానికి మూలం స్ఫటికమే. వుర్ట్‌జైట్ అనే జింక్ ఆక్సైడ్ స్ఫటిక నిర్మాణంలో సి-అక్షానికి, అంటే కడ్డీ పొడవు దిశకు, ఒక కొస జింక్‌తో, మరో కొస ఆక్సిజన్‌తో ముగుస్తుంది. ఆ ధ్రువముఖాలకు శక్తి ఎక్కువ కాబట్టి పెరుగుదల అటే పరుగు తీస్తుంది, పక్కనున్న ఆరు ముఖాలూ నిదానిస్తాయి. హెక్సామీన్ చిటికెడైనా లేకుండా, గాఢ క్షారంలో జింక్ కరిగితే ఏర్పడే జింకేట్ అయాన్లను వేడిచేసినా కడ్డీలే వస్తాయి కదా!

హెక్సామీన్ చేసే మేలు వేరు. వేడినీటిలో అది మెల్లగా విడిపోయి ఫార్మాల్డిహైడ్‌ను, అమ్మోనియాను ఇస్తుంది. అలా కడ్డీకి కావలసిన క్షారం, అంటే హైడ్రాక్సైడ్, బొట్టుబొట్టుగా అందుతుంది. క్షారాన్నంతా ఒక్కసారి గుమ్మరించి చూడండి. బీకరంతా పాలలా తెల్లబడుతుంది, జింక్ అడుగున మడ్డిగా చేరుతుంది, పలకకు మిగిలేది బహు స్వల్పం.

నీటిమడుగు:
తొందరపడకండి. ద్రావణంలోని అణువులు ముఖాలను పట్టుకుని రూపు మార్చడం కట్టుకథ కాదు. సిట్రేట్ (సిట్రిక్ ఆమ్లపు లవణం) వేస్తే అది ధ్రువముఖాన్ని అడ్డుకుంటుంది, కడ్డీల బదులు పలుచని షట్కోణపు బిళ్ళలు వస్తాయి. హెక్సామీన్ మోతాదు మార్చినప్పుడు కడ్డీల లావు మారడం నేను ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో స్వయంగా చూశాను. దీనికేమంటారు?

గాజుపలక:
సిట్రేట్ సంగతి పూర్తిగా నిజం. దానికి ఋణావేశపు కొసలున్నాయి. జింక్ ఆక్సైడ్ ఉపరితలం పీహెచ్ సుమారు 9 దాకా ధనావేశంతో ఉంటుంది, కాబట్టి పట్టు దొరుకుతుంది. మన ద్రావణం తటస్థానికి దగ్గరగా ఉంటుంది, అక్కడ హెక్సామీన్‌కు దాదాపు ఆవేశమే లేదు.

మీరు హెక్సామీన్ మోతాదు మార్చినప్పుడు క్షారం అందే వేగమూ మారింది. లావు మారడానికి ఆ రెండింటిలో ఏది కారణమో ఎలా తేలుస్తారు? 2011లో లాంగ్‌ముయిర్ పత్రికలో వచ్చిన పరిశోధన చూడండి. నిరంతర ప్రవాహ రియాక్టర్‌లో, హెక్సామీన్ లేకుండానే, తటస్థానికి దగ్గరి పీహెచ్‌లో నానోతీగలు పెంచారు.

నీటిమడుగు:
ప్రవాహంలో ఎప్పటికప్పుడు తాజా ద్రావణం వస్తుంది. మూతపెట్టిన సీసాలో అలా కాదు. జింక్ తరుగుతూ ఉంటుంది, అమ్మోనియా పేరుకుంటూ జింక్ అయాన్లను చుట్టుముడుతుంది. ఆ ఫలితాన్ని సీసాకు అంటగట్టడానికి నా మనసు ఒప్పడం లేదు.

గాజుపలక:
అమ్మోనియా మాట సమంజసం, ఒప్పుకుంటున్నాను. అయినా అది పక్కముఖాలకు హెక్సామీన్ అంటుకుంటుందనడానికి సాక్ష్యం కాదు. తెల్లపొడి గారూ, మీ దగ్గర సిరంజి పంపు ఉంటే ఇలా చేయండి. ఒకే సాంద్రతగల జింక్ నైట్రేట్‌ను రెండు సీసాల్లో తీసుకుని, ఒకదానిలోనే హెక్సామీన్ వేయండి. పంపుతో సోడియం హైడ్రాక్సైడ్ వదులుతూ రెండింటి పీహెచ్‌నూ ఒకేచోట నిలపండి. హెక్సామీన్ ఉన్నచోట మాత్రమే కడ్డీలు సన్నబడితే నా వాదన వదులుకుంటాను. పలకలను మాత్రం బీజపొర కిందికి ఉండేలా బోర్లా వేలాడదీయండి, లేకపోతే ద్రావణంలో పుట్టిన పొడి రాలి కడ్డీలను కప్పేస్తుంది.