బీచ్‌లో చచ్చిన తాబేళ్లు, వైజాగ్‌లో ఎవరికి చెప్పాలి?

సాగర్‌తీరం: పొద్దున్న వాకింగ్‌కి వెళ్తే ఆర్కే బీచ్‌ ఒడ్డున ఇంత పెద్ద తాబేలు చచ్చిపడుంది, మెడ వాచిపోయి కళ్లు ఉబ్బిపోయి, చూస్తే కడుపు తరుక్కుపోయిందండి. జనవరి వస్తే చాలు ఇదే వరస. అసలెందుకు చస్తున్నాయి? జంతువుల్ని కాపాడే సంస్థ ఉందిగా, విశాఖ ఎస్‌పీసీఏ, వాళ్లు ఇలాంటివి చూస్తారా?

వలతాడు: అవి ఆలివ్ రిడ్లేలు, ఒక రకం సముద్రపు తాబేళ్లు. నీళ్లలో ఉన్నా ఊపిరికి పైకి రావాల్సిందే, ట్రాలర్ వలలో ఇరుక్కుంటే రాలేక మునిగి చస్తాయి. వలకి టెడ్ అని కమ్మీల చట్రం బిగిస్తే తాబేలు బయటికి జారిపోద్ది, రొయ్య లోపలే ఉంటది. కొంత చేప కూడా పోద్దని బోటువాళ్లు బిగించరు, ఆ నష్టం గురించి ఎవరూ మాట్లాడకుండా వాళ్లనే తిడితే ఏం లాభం?

భీమిలి_అమ్మాయి: ఎస్‌పీసీఏ వాళ్లు చూస్తారండి. 1996 నుంచి ఉన్న సంస్థ, కుక్కల ఆపరేషన్లే కాదు, తాబేలు గుడ్లు కాపాడే పనీ చేశారు. గూటికి వందకి అటూఇటూ గుడ్లుంటాయి, కుక్కలు తవ్వి తినేస్తాయని కంచె వేసిన హేచరీలోకి మారుస్తారు, సుమారు 45-60 రోజులకి పిల్లలొస్తాయి. మీకు గూడు కనబడితే ముట్టుకోకండి, వన్యప్రాణి చట్టంలో గట్టి రక్షణ ఉన్న షెడ్యూల్ 1 జంతువది, వెంటనే ఫారెస్ట్ వాళ్లకి చెప్పండి.

సాగర్‌తీరం: థాంక్సండి ఇద్దరికీ, ఫొటోలు తీసుంచా, రేపే ఫారెస్ట్ ఆఫీసులో ఇస్తా.